ఏసీ లేని పడమటి హాలు

మార్చి 11, నంద్యాల

రాజశేఖర్ గారు ఒప్పుకోలేదు. ఆయన విత్తనాల కంపెనీకి కట్టిస్తున్న ఆఫీసే ఆర్కిటెక్టుగా నా మొదటి బిల్డింగ్. పడమటి వైపంతా గ్లాస్ కావాలంటారు, హైదరాబాదులోలాగా. నంద్యాల ఎండకి పడమట గ్లాసా? పెనం మీద కూర్చొని ఫైళ్లు చూసుకోమనండి. నేను రాతి జాలీ పెడదాం, చిల్లులు చెక్కిన పలకల తెర అన్నాను. గుడిలా ఉంటుందన్నారు.

గంట వాదించాక షరతు పెట్టారు. మే నెలలో ఒక మధ్యాహ్నం ఏసీ లేకుండా ఆ హాల్లో కూర్చుంటారట. చెమట పడితే జాలీ పీకేసి గ్లాస్ పెట్టాలి. సరే అన్నాను. నోరా, వీపుకు చేటు తేకే అని అమ్మ ఊరికే అనదు.

మార్చి 29, ఆళ్లగడ్డ

జాలీ పలకలు చూడడానికి వెళ్లాను. విగ్రహాలు చెక్కే షెడ్డులో సగం చెక్కిన నరసింహస్వామి పక్కన నా ఆఫీసు కిటికీలు! శిల్పి ఆదినారాయణ గారు ఒక పలకను ఎండకి ఎత్తి పట్టారు. నేల మీద వెలుగు పూలు పడ్డాయి. సిగ్గు లేకుండా చప్పట్లు కొట్టాను.

ఏప్రిల్ 30

జాలీ బిగించారు. దానికీ లోపలి గోడకీ మధ్య మూడడుగుల సందు. ఎండ జాలీ దగ్గరే ఆగాలి, వేడి గాలి సందులోంచి పైకి పోవాలి. పోవాలి స్వామీ.

మే 13

కొంప మునిగింది. హాలు పొయ్యిలా ఉంది. ఎల్లుండే రాజశేఖర్ గారు వచ్చేది. అన్నం సహించలేదు.

మే 14

దొరికింది! లోపలి గోడ కిటికీలు రాత్రి తెరిచి చల్లగాలి రానివ్వాలి, పొద్దున్నే మూసి వేడిని ఆపాలి అని చెప్పి ఉంచాను. వాచ్‌మన్ జయప్రకాష్ తిరగేసి చేశాడు. రాత్రి దొంగల భయమని మూశాడట, పగలు గాలి ఆడాలని తెరిచాడట. అతన్ని ఏమనాలి, ఇళ్లల్లో అందరం చేసేది అదే. సాయంత్రం నేనే దగ్గరుండి తెరిపించాను.

మే 15

బయట నలభై మూడు డిగ్రీలు. రాజశేఖర్ గారు చెమట తుడుచుకోవడానికి టవల్ తెచ్చుకున్నారు. సాక్షిగా వాళ్లమ్మ ఉమామహేశ్వరమ్మ గారిని కూడా తీసుకొచ్చారు. ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి. కాసేపటికి ఆయన లేచి గోడలు తట్టారు, సీలింగ్ చూశారు.

"యాడ దాచినావమ్మా ఏసీని?"

దాచలేదని ఒట్టు పెట్టాను. నమ్మకుండా బాత్‌రూమ్ కూడా వెతికొచ్చారు. అప్పటికి ఉమామహేశ్వరమ్మ గారు ప్లాస్టిక్ కుర్చీలోనే కొంగు కప్పుకొని గురక పెడుతున్నారు. గ్లాస్ సంగతేమిటని నేను అడగబోతే ఆయన నోటి మీద వేలు పెట్టుకున్నారు.

"అద్దాలొద్దులేమ్మా. మెల్లగా మాట్లాడు, మాయమ్మ పండుకోనుండాది."

మెట్ల మీదకి పరిగెత్తి పెద్దగా నవ్వాను. కొంచెం ఏడ్చాను కూడా.

మే 18, ఆదివారం

పనికి సెలవు. జయప్రకాష్ ఫోన్ చేశాడు. ఉమామహేశ్వరమ్మ గారు వాళ్ల వీధి ఆడవాళ్లని నలుగురిని వెంటబెట్టుకొని వచ్చారట. దిండ్లతో సహా.