ఇక ఫొటో నోటీసులు పెట్టను

నవంబర్ 3, సోమవారం

ఈ రోజు నుంచి మా యూనివర్సిటీ వెబ్‌సైట్ మారిపోతుంది! మార్చేది నేనే. ఆసిమా, వెబ్‌సైట్ విభాగం. విభాగం అంటే నేను, ఒక కంప్యూటరు, బుద్ధి పుడితే తిరిగే ఫ్యాను.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. నోటీసు టైపు చేస్తారు. ప్రింటు తీస్తారు. రిజిస్ట్రార్ కిషన్ రావు సార్ ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి గుండ్రటి ముద్ర కొడతారు. దాన్ని ఫోనుతో ఫొటో తీసి నాకు వాట్సాప్ చేస్తారు. నేను ఆ ఫొటోనే వెబ్‌సైట్‌లో పెడతాను. ముద్ర కనపడకపోతే అది నోటీసే కాదని సార్ నమ్మకం.

పొద్దున సుకన్య వచ్చింది. ఎం.ఏ. చరిత్ర, చివరి సంవత్సరం. చూపు లేదు. తెర మీది అక్షరాలను ఫోను పైకి చదువుతుంటే విని చదువుకుంటుంది.

"అక్కా, మీ వెబ్‌సైట్ల ఏ నోటీసు ఒత్తినా నా ఫోను 'ఇమేజ్' అని ఊకుంటది. అండ్ల ఏమున్నదో నాకెట్ల తెల్వాలె? రోజూ మా రూముల ఉండే పూజను బతిమాలి చదివిచ్చుకుంటాన."

డిసెంబర్ పరీక్షలకు ఆమె చెబుతుంటే రాసిపెట్టే మనిషి కావాలి. ఆ దరఖాస్తు నోటీసు ఈ నెలలోనే వస్తుంది. గడువు దాటితే పరీక్ష లేనట్టే.

"ఇగ పూజను అడుగకు. ఫికర్ చెయ్యకు, నేనున్న గద!" అన్నాను.

కూర్చుని నిబంధనలు చదివాను. చూపు లేనివాళ్లు కూడా వాడుకునేలా వెబ్‌సైట్ ఉండాలని చట్టమే చెబుతోంది. మేము ఏ లోకంలో ఉన్నామో! తీర్మానాలు:

ఒకటి, ఫొటో నోటీసులు బంద్. అన్నీ అక్షరాల్లోనే.
రెండు, విద్యార్థుల ఫోన్ నంబర్లు బయట పెట్టను.
మూడు, ప్రైవసీ పాలసీ సొంతంగా రాస్తాను. ఇప్పుడున్నది ఎవరో ఎక్కడినుంచో దించారు. అందులో "బూట్లు సరిపోకపోతే ఏడు రోజుల్లో వాపసు" అని ఉంది!

నవంబర్ 4, మంగళవారం

లైబ్రరీ నోటీసు, బస్సు పాసుల నోటీసు, ఫీజు నోటీసు. మూడూ టైపు చేసి పెట్టాను! ఇంటికి పాడుకుంటూ వచ్చాను.

"గింత సంబురమేందే? జీతం పెంచిండ్రా?" అంది అమ్మీ.

"లేదు అమ్మీ, చట్టం పాటిస్తాన."

"జర తిన్నంక పాటించు. బువ్వ సల్లారుతాంది."

నవంబర్ 6, గురువారం

సార్ పిలిచారు. "ఆసిమా, నా సంతకమేది? ముద్రేది? గిట్ల పెడితే ఎవరన్న నమ్ముతరా?"

సుకన్య గురించి చెప్పాను. చట్టం గురించి చెప్పాను. ఆయన ముద్ర గురించి చెప్పారు. చివరికి పైన అక్షరాలు, కింద ఫొటో అని ఒప్పందం కుదిరింది. ఓడిపోలేదు, సర్దుకున్నానంతే.

నవంబర్ 10, సోమవారం

ఎనుమాముల మార్కెట్ దగ్గర పత్తి బండ్లు. ట్రాఫిక్ కదలదు! ఆఫీసుకొచ్చేసరికి వాట్సాప్‌లో ఫొటోలు వరస కట్టి ఉన్నాయి. ముందు ఫొటోలు పెట్టేశాను, టైపు మధ్యాహ్నం అనుకుని. మధ్యాహ్నం నెట్ పోయింది. నా తప్పేముంది?

ప్రైవసీ పాలసీలోంచి బూట్లు తీసేశాను. కింద చూస్తే చెప్పులు కూడా ఉన్నాయి.

నవంబర్ 13, గురువారం

ఆటల పోటీల జాబితా వచ్చింది, అందరి ఫోన్ నంబర్లతో సహా. పెట్టనన్నాను. గట్టిగానే అన్నాను. తర్వాత ప్రతి నంబర్లో మొదటి అంకె ఒక్కటే తీసేసి పెట్టాను. అది తొమ్మిదని ఎవరికి తెలుస్తుంది లెండి.

నవంబర్ 14, శుక్రవారం

నాగపూర్ నుంచి అమ్మీ చెల్లెలు, మా ఖాలా వాళ్లు వస్తున్నారు. కాజీపేట స్టేషన్‌కు నేనే వెళ్లాలి. పర్సు భుజాన వేసుకున్నానో లేదో, సార్ ఫోను: "గీ నాలుగు ఇప్పుడే పెట్టు. ఇయ్యాల్టి తారీకు మీదనే పడాలె."

నాలుగు ఫొటోలు. తెరిచి కూడా చూడకుండా పెట్టేసి పరుగెత్తాను. సోమవారం టైపు చేస్తాను. ఒట్టు!

నవంబర్ 17, సోమవారం

సెలవు పెట్టాను. ఖాలా వాళ్లకు ఖిలా వరంగల్ చూపించాలి కదా! తోరణాల దగ్గర బోలెడు ఫొటోలు దిగాం. ఫొటోలంటే ఏదో గుర్తొచ్చింది. రేపు చూద్దాం.

నవంబర్ 20, గురువారం

సుకన్య వచ్చింది. "అక్కా, రాసిపెట్టేటోళ్ల నోటీసు ఇంకెప్పుడొస్తది? రోజూ చూస్తాన."

"వస్తదిలే" అంటూనే ఆ నాలుగు ఫొటోలు తెరిచాను. మూడోది అదే. గడువు నిన్నటితో అయిపోయింది.

చెప్పక తప్పదు. "వచ్చింది సుకన్యా. నేనే పెట్టిన. ఫొటో పెట్టిన. నిన్ననే ఆఖరు తారీకు."

తిట్టి ఉంటే బాగుండేది. "నీ మాట నమ్మి పూజను అడుగుడు బంద్ చేసిన అక్కా" అంది, అంతే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

నేరుగా సార్ గదికి వెళ్లాను.

"తారీకు దాటినంక నేనేం జెయ్యాలె?" అన్నారు.

"సార్, ఎవరి కోసం పెట్టినమో వాళ్లే చదువలేకపోతే అది నోటీసు పెట్టినట్టు కాదు. తప్పు నాది. రాసిమ్మంటే రాసిస్త. పిల్ల పరీక్ష మాత్రం పోవద్దు."

సార్ ఒక కాగితం ముందుకు లాక్కున్నారు. గడువు వారం పొడిగిస్తూ రాసి ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టారు. ముద్ర కొట్టారు. అలవాటుగా ఫొటో తీయడానికి ఫోను బయటికి తీశారు. నేను చూశాను. ఆయనా నన్ను చూశారు. ఫోను జేబులో పెట్టుకున్నారు.

"టైపు చెయ్యి" అన్నారు.

నవంబర్ 21, శుక్రవారం

సుకన్య నా గదిలోనే ఫోనులో నోటీసు విన్నది. మొదటి నుంచి చివరి దాకా, చివర్లో "సంతకం, కిషన్ రావు, రిజిస్ట్రార్, ఆకుపచ్చ సిరా, గుండ్రటి ముద్ర కలదు" అనే దాకా. గుమ్మంలో నిలబడిన సార్ "మల్లొక్కసారి పెట్టుమను" అన్నారు.

సుకన్య దరఖాస్తు తనే నింపి పంపింది. వెళ్తూ అడిగింది: "మరి ఇగ పూజను అడుగుడు బంద్ చెయ్యాల్నా అక్కా, వద్దా?"

పోయినసారిలా గొప్పలకు పోలేదు. "ఇంకో నెల అడుగుతనే ఉండు. నేను మాట మీద నిలబడితే అప్పుడు బంద్ చెయ్యి" అన్నాను. నవ్వి వెళ్లిపోయింది.

సాయంత్రం. పర్సు భుజాన వేసుకున్నాను. వాట్సాప్ మోగింది. సార్. ఫొటో. ముద్రతో.

పర్సు దించాను. కూర్చున్నాను.

ఒకటి, ఫొటో నోటీసులు బంద్.