గుమ్మడికాయ నేనే కొట్టాను

ఏమండీ,

పొద్దున్నించీ ముసురు వదల్లేదు. అయినా కాలవ పక్క చేలో ఊడ్పులు మొదలుపెట్టించాను. మీరు పోయాక ఇవే మొదటి ఊడ్పులు. ఎనిమిదిమంది ఆడకూలీలు వచ్చారు. వానలో సంతకి వెళ్ళే వీలు లేక, వాళ్ళ భోజనానికి పాక మీది గుమ్మడికాయ కోశాను.

గుమ్మడికాయకి మొదటి దెబ్బ మగవాళ్ళే వేయాలి కదా. మీరుండగా ఆ ఇబ్బందే తెలియలేదు. పక్కింటి అన్నయ్యగారు భీమవరం నుంచి వచ్చేదాకా ఆగమన్నారు అత్తయ్యగారు. పదకొండు దాటింది. మీరు కొబ్బరికాయలు కొట్టే కత్తి తీసుకుని నేనే కొట్టాను.

మంచినీళ్ళకి వచ్చిన కూలీ వెంకాయమ్మ నవ్వింది. "కొట్టింది ఆడో మగో కాయకేం తెలుస్తుందండీ!"

అత్తయ్యగారు నవ్వలేదు. "ఈ ఇంటికి మగదిక్కు లేదని ఊరందరికీ నువ్వే చాటావు" అన్నారు.

మన అమ్మాయి పద్మకి కూర నేర్పుతూ కూర్చున్నాను. లేతకాయకి చెక్కు తీయక్కర్లేదని, ముక్క మెత్తబడకముందే చింతపండు పులుసు పోస్తే ఇక ఉడకదని, ఆవముద్ద పొయ్యి మీద కలిపితే చేదెక్కుతుందని చెప్పాను. బెల్లం కాస్త ఎక్కువ వేసింది. అయినా కూలీలు అడిగి మళ్ళీ వేయించుకున్నారు.

అత్తయ్యగారు ముద్ద ముట్టలేదు. బట్టలు సంచిలో సర్దుకున్నారు. పద్మ చెయ్యి పట్టుకుని ఆపింది, నేనూ బతిమాలాను. మీ గొడుగు ఇస్తే పుచ్చుకోలేదు. మూడు గంటల బస్సుకి మీ చెల్లెలింటికి వెళ్ళిపోయారు.