నా చెప్పులు తెచ్చిన పిల్ల

అక్కా,

పిల్లను అనాథాశ్రమం వాళ్ళు మాకిచ్చేశారు. మూడేళ్ళది. హోటల్ గదికి తెచ్చిన దగ్గర్నుంచి బూట్లేసుకుని తలుపు దగ్గరే కూర్చుంది, తిరిగి వెళ్ళిపోదామని. నా వైపు చూస్తే ఒట్టు. ఈ దేశం మాటలు నాకు రావాయె, ఏమని బుజ్జగించను?

ఇవాళ లేస్తూనే మళ్ళీ బూట్లేసుకుంది. నా ప్రాణం ఉసూరుమంది. అంతలో మంచం కిందికి దూరి నా చెప్పులు ఈడ్చుకొచ్చి నా కాళ్ళకే తొడిగిందక్కా, కుడిది ఎడమకి! నన్నూ రమ్మని చెయ్యి పట్టుకు లాగింది. పగలబడి నవ్వాను. మీ మరిది ముఖమంతా సబ్బుతో బాత్రూంలోంచి పరుగెత్తుకొచ్చారు.

"ఏడుస్తున్నావనుకున్నానే!" అన్నారు. బాబు పోయాక ఆయన నా నవ్వు వినలేదు కదా.

బాబు మంచం ముట్టుకోవద్దని నీతో పోట్లాడాను. ఇప్పుడు దులిపి ఎండలో వెయ్యి. తర్వాత గోడ వారగా జరుపు, ఇది నిద్రలో తెగ దొర్లుతుంది.

నీ చెల్లెలు