పొట్టి తుపాకీకి నా సంతకం

ఎర్రగుంట్ల,
ఆదివారం మధ్యాహ్నం.

నరసమ్మక్కకు నీ చెల్లెలు ఈరమ్మ ఇక్కడినుంచే మొక్కి రాస్తున్న సంగతులు.

నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను, నువ్వు బెంగపెట్టుకోవద్దు. నీ మోకాలినొప్పి తగ్గిందా? బావ దగ్గు ఎలా ఉంది? కోసిగిలో ఒక్క వానైనా పడిందా? ఇక్కడ వాన మాటే లేదు. ఎండకు తోడు సిమెంటు దుమ్ము. తెల్లచీర ఉతికి దండెం మీద వేస్తే సాయంత్రానికి బూడిదరంగు చీర తీసుకోవాలి. తిండికి లోటు లేదు. ఓనరు ఇంటి వంటామె రోజూ సంగటి పెడుతుంది. మంచిదే గానీ, నా నాలుకకు మన జొన్నరొట్టె, పుండికూర పడితేనే తిన్నట్టు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త వేరుశనగ కారప్పొడి పంపించు. వెల్లుల్లి ఎక్కువ వెయ్యి.

ఫోన్లో చెప్పక ఉత్తరం ఎందుకంటే, నువ్వు ఫోను స్పీకర్లో పెట్టి వీధి వీధంతా వినిపిస్తావు. ఈ సంగతి వీధికి అక్కర్లేదు. పైగా మొన్న నన్ను మాట్లాడనిచ్చావా నువ్వు? "ఒక్క సంతకం పెట్టేకి నీ సొమ్మేం పోతాదే? ఉండేకి గది ఇచ్చినారు, మర్యాదగా చూసుకుంటాండారు, పెట్టేయ్" అని అరిచి ఫోను పెట్టేశావు. నా సొమ్మేం పోతుందో మొదటినుంచి రాస్తాను. తీరిగ్గా కూర్చుని చదువుకో.

మా ఓనరు ఓబుళరెడ్డికి ముప్పై లారీలు, ఒక మీసం ఉన్నాయి. ఈ మూడింటిలో ఆయన స్వయంగా కష్టపడి పెంచింది మీసమొక్కటే, లారీలు వాళ్ల నాయన సంపాదించినవి. మూడోది ఏమిటంటావా? బామ్మర్ది సుధాకర్. వాణ్ణి పెళ్లితోపాటు ఇచ్చారు. ఓబుళరెడ్డి భార్య సుభద్రమ్మ మండల రాజకీయాల్లో తిరుగుతుంది కాబట్టి ఆమె వెంట ఉండడానికి నన్ను పెట్టుకున్నారు. పద్దెనిమిదేళ్లు కేంద్ర బలగాల్లో చేసి హెడ్ కానిస్టేబులుగా దిగినదాన్ని కదా, చెప్పుకోవడానికి బాగుంటుంది. ఆమెకు నావల్ల జరిగిన రక్షణ ఇంతవరకూ ఒక్కటే. కారు దిగేటప్పుడు చీర కుచ్చిళ్లు తలుపులో ఇరుక్కోకుండా చూడడం.

ఇలా హాయిగా గడుస్తుంటే, లారీల పోటీదారుడొకడు తుపాకీ పట్టుకున్న గార్డును కార్లో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. ఆ రోజునుంచి ఓబుళరెడ్డికి అన్నం సహించలేదు. తనకూ తుపాకీ కావాలి. పెద్ద రైఫిలు కాదట, అది పాతకాలం వాళ్లదట. పిస్తోలు గుండ్లతో పేలే పొట్టి తుపాకీ కావాలట, కార్బైన్ అంటారే, అది. ఎవరి మీదికి అని అడిగాను. "ఎవరి మీదికీ కాదుమ్మే, ఉంటే ఒక గౌరవం" అన్నాడు. ఆయనకు శత్రువులు లేరక్కా. ఎవరూ అంత పట్టించుకోలేదు.

చిక్కేమిటంటే ఆయనకు లైసెన్సు రాదు. టోల్‌గేటు దగ్గర గుమస్తాను చెంపమీద కొట్టిన కేసు ఇంకా నడుస్తోంది. అందుకని సుధాకర్ తెలివి చూపించాడు. లైసెన్సు నా పేరున తీసుకుందాం, తుపాకీ బావ దగ్గర ఉంటుంది అన్నాడు. మాజీ జవానుకు తొందరగా ఇస్తారని ఎవరో చెవిలో ఊదారు. అక్కా, నీకు అర్థమయ్యేలా చెబుతాను. లైసెన్సు నాది అంటే ఆ తుపాకీ చేసే ప్రతి పనీ నాది. ఓబుళరెడ్డి తాగి గాల్లోకి పేల్చినా, సుధాకర్ పెళ్లి ఊరేగింపులో పేల్చి ఎవరికైనా తగిలినా, జైలుకు పోయేది నేను. పద్దెనిమిదేళ్లు ఒక్క మచ్చ లేకుండా చేసిన నౌకరీ పేరు, వచ్చే పెన్షను, అన్నీ ఆ ఇద్దరి చేతుల్లో పెట్టినట్టే. పెట్టను అన్నాను. "ఆలోచించుకోమ్మే, గది కూడా మాదే కదా" అన్నాడు సుధాకర్. నీకు ఫోను చేసింది ఆ రోజే.

నేను పెట్టనన్నా వాళ్లు ఆగలేదు. మరుసటి వారం తుపాకీ చూడడానికి కర్నూలుకు బయలుదేరారు. సుభద్రమ్మను ఎవరూ పిలవలేదు. నన్ను మాత్రం వెనక సీట్లో ఎక్కించుకున్నారు. దారి పొడుగునా తుపాకుల గురించి సుధాకర్ ఒకటే పాఠం. వాడు జన్మలో పట్టుకున్న తుపాకీ తిరునాళ్లలో బెలూన్లు కొట్టేది. పద్దెనిమిదేళ్లు కార్బైన్ భుజాన వేసుకుని తిరిగినదాన్ని వెనకే ఉన్నాను, ఒక్క మాట అడగలేదు. నేనూ కిటికీలోంచి ఎండిన చేలు చూస్తూ కూర్చున్నాను.

దుకాణం ఖాజా సాహెబు అనే పెద్దాయనది. చిన్న దుకాణం, గోడకు గొలుసులు వేసిన తుపాకులు. ఓబుళరెడ్డి లోపలికి పోతూనే పోలీసుల చేతుల్లో ఉండే నైన్ ఎం.ఎం. కావాలన్నాడు. "అది మీకు, నాకు ఇయ్యరు సామీ, సర్కారుకే" అని సాహెబు వేరే రెండు పొట్టివి తీసి బల్లమీద పెట్టాడు. ఒకటి నల్లది, చెక్కలేకుండా అంతా ఇనుము, ప్లాస్టిక్కు. ఇంకొకటి చెక్కపిడిది, కాస్త తేలిక.

అక్కా, తుపాకీ ఎంచుకునేటప్పుడు అడగాల్సినవి కొన్ని ఉంటాయి. మోసే మనిషి చేతికి సరిపోతుందా, సేఫ్టీ మీట బొటనవేలికి అందుతుందా, దాని గుండ్లు మన ఊళ్లో దొరుకుతాయా, చెడిపోతే బాగుచేసేవాడు ఉన్నాడా. అన్నిటికంటే ముందు, దానితో నీకు పనేమిటి. ఇంట్లో, కార్లో దగ్గరి మనిషిని ఆపడానికైతే పొట్టిది చాలు, ఎగదన్నదు, చేతిలో నిలకడగా ఉంటుంది. పొలాల్లో దూరంగా ఉన్నవాడికైతే పిస్తోలు గుండు పనికిరాదు. ఇవన్నీ ఎవరైనా అడుగుతారేమోనని చూశాను.

వాళ్లు అడిగినవి విను. ఓబుళరెడ్డి మొదట అడిగింది, "పేల్చితే శబ్దం ఎంత దూరం వినపడతాది?" రెండోది, "తెల్ల కారుకు ఏది నప్పుతాది?" సుధాకర్ జేబులోంచి దర్జీ టేపు తీశాడు. నిజంగా టేపే అక్కా! కార్లో కూర్చున్న బావ తొడల వెడల్పు ఇంటి దగ్గరే కొలుచుకుని వచ్చాడట. నల్లదాన్ని ఆ చివరినుంచి ఈ చివరికి కొలిచి, "అడ్డంగా పెట్టుకుంటే రెండు పక్కలా కనపడతాది బావా, అద్దంలోంచి గొట్టం శానా బాగా తెలుస్తాది" అన్నాడు. సాహెబు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గాడు.

తరువాత ఓబుళరెడ్డి దాన్ని ఎత్తి, గొట్టం నేరుగా సాహెబు కడుపు వైపు తిప్పి, వేలు ట్రిగ్గరు మీద పెట్టి మీసం దువ్వుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తుపాకీ గొట్టం పట్టుకుని పైకి తిప్పి, ఆయన చేతిలోంచి తీసుకుని, మ్యాగజీను లాగి, లోపల గుండు ఉందేమో వేలు పెట్టి చూసి బల్లమీద పెట్టాను. ఖాళీదే. ఖాళీదైనా పద్ధతి పద్ధతే కదా. సాహెబు నన్ను చూసి, "బేటీ, నువ్వు యాడ పన్జేసినావు?" అని అడిగాడు. చెప్పాను. "అట్లనా! మరి వీళ్లు నిన్నడగకుండా టేపునడుగుతాండారేమి?" అన్నాడు. సుధాకర్ నవ్వేశాడు. "ఆడోళ్లకు తుపాకులేం తెలుస్తాయి సాయిబూ, ఈమె పేరొకటి మాకు కావాల్సింది" అన్నాడు. ఆ మాట నా ముందే అన్నాడక్కా, నన్ను చూస్తూనే.

నల్లది ఖాయం చేశారు. లైసెన్సు వచ్చాక తీసుకుపోండి, ఫోటోలు మాత్రం తీయకండి అని సాహెబు గట్టిగా చెప్పాడు. ఆయన బిల్లుపుస్తకం కోసం లోపలికి పోగానే ఓబుళరెడ్డి దాన్ని ఎత్తి ఛాతీకి ఆనించుకున్నాడు, సుధాకర్ ఫోను తీశాడు. నేను వద్దన్నాను. నా మాట వింటే వాళ్లు వాళ్లెందుకవుతారు?

ఇక అసలు ఘనకార్యం. వచ్చే వారం ఓబుళరెడ్డి దంపతుల పెళ్లిరోజు. మన వైపు సంగతి నీకు తెలుసు, పెళ్లిరోజైనా, పుట్టినరోజైనా, ఫ్లెక్సీ కట్టకపోతే జరిగినట్టు కాదు. నాలుగు రోడ్ల కూడలిలో ఇంటి ఎత్తు ఫ్లెక్సీ కట్టారు. ఎడమవైపు సుభద్రమ్మ పట్టుచీరలో చేతులు జోడించి నవ్వుతోంది. కుడివైపు ఓబుళరెడ్డి, చేతుల్లో నల్ల తుపాకీ. ఇద్దరి మీదా రోజాపూల రెక్కలు రాలుతున్నాయి. ఆ గొట్టం తిన్నగా ఆమె చెవి వైపు ఉంది. పెళ్లిరోజు శుభాకాంక్షలట! చూసి నేను రోడ్డు మీద ఒంటరిగా నిలబడి నవ్వాను, మనుషులు నన్ను చూస్తున్నా ఆపుకోలేకపోయాను.

పోలీస్ స్టేషను ఆ కూడలికి వంద అడుగుల్లో ఉంది. ఇది ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

రెండోరోజు పొద్దున్నే నన్ను స్టేషనుకు రమ్మని కబురు. పోతే ఓబుళరెడ్డి, సుధాకర్ అప్పటికే కూర్చుని ఉన్నారు. ఎస్సై బల్లమీద ఫ్లెక్సీ ఫోటో ఒకటి, పక్కన విచారణకు వచ్చిన లైసెన్సు అర్జీ. తుపాకీ ఎవరిదని అడిగితే ఓబుళరెడ్డి తడుముకోకుండా, "ఈమెది సార్. అర్జీ కూడా పెట్టుకున్యాది. నేను ఊరికే పట్టుకున్యా" అన్నాడు. అర్జీ నా పేరునే ఉంది. నా ఫోటో, ఆధారు నకలు, నౌకరీ కాగితాల నకళ్లు, అన్నీ ఉద్యోగంలో చేరేటప్పుడు నేను ఇచ్చినవే. అయిపోయింది ఈరమ్మా అనుకున్నాను.

"ఈ అర్జీ నువ్వే పెట్టుకున్నావా?" అని ఎస్సై అడిగాడు.

"లేదు సార్."

"మరి ఇక్కడ నీ వేలిముద్ర ఉంది కదా?"

వేలిముద్ర! వంగి చూశాను. సంతకం పెట్టాల్సిన చోట ఇంత లావు బొటనవేలు, సిరా కారిపోయి. భయం ఎటు పోయిందో తెలియదు. నవ్వు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. కోసిగినుంచి వచ్చింది కదా, కూలికి వలసపోయేవాళ్ల ఇంటి ఆడది కదా, వేలుకాక ఇంకేం వేస్తుంది అనుకున్నారు. నేను సంతకం పెట్టనంటే, అది రానందుకే సిగ్గుపడుతున్నానని సుధాకర్ నమ్మాడట! ఆ మాట తరువాత వాడే చెప్పుకున్నాడు.

"సార్, నాకు సంతకం వస్తాది. ఒక కాగితం ఇయ్యండి" అన్నాను.

రాశాను. తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో పేరు, హోదా, నంబరు, ఊరు, అన్నీ. తొందరపడలేదు. పద్దెనిమిదేళ్లు ఆయుధం తీసుకునేటప్పుడు ఒకసారి, అప్పజెప్పేటప్పుడు ఒకసారి పెట్టిన చెయ్యి ఇది. ఎస్సై రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసి, సిరా పెట్టె తెప్పించి నా వేలు కూడా వేయించాడు. అర్జీలో ఉన్నది నా వేలికి రెండింతలు. "మరి ఈ బొటనవేలు ఎవరిదప్పా?" అని తలెత్తాడు. సుధాకర్ తన కుడిచెయ్యి మెల్లగా ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. ఓబుళరెడ్డి మీసం మీదికి పోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ ముఖాలు నువ్వు చూడాల్సింది అక్కా.

తుపాకీ ఇంకా దుకాణంలోనే ఉందని, సాహెబు ఫోటోలు వద్దన్నాడని, జరిగింది జరిగినట్టు చెప్పాను. అర్జీ ఆగిపోయింది. సుధాకర్ మీద దొంగ వేలిముద్రకు కాగితాలు రాస్తున్నారు. ఫ్లెక్సీ దించేశారు. నన్ను ఈ నెలాఖరుకు గది ఖాళీ చేయమన్నారు. నువ్వు భయపడ్డదే జరిగింది. దాచను, సామాను సర్దుకుంటుంటే ఏడుపొచ్చింది. ఎక్కడికి పోవాలో ఇంకా తెలియదు. పని మాత్రం దొరుకుతుంది, బెంగపడకు. బెంగపడకు అని మళ్లీ మళ్లీ రాస్తున్నానని అనుకోకు.

నిన్న సుభద్రమ్మ గది దాకా వచ్చింది. మంచి మనిషే, వాళ్ల మధ్య చిక్కుకుంది. గుమ్మంలో నిలబడి, "మనసులో పెట్టుకోవద్దుమ్మా. నీకు రాసేకొస్తాదని మావోళ్లకు తెలీదు. ఎవరూ చెప్పలే" అంది.

నేను గేటు దగ్గరికి పోయి, గోడకు వేలాడే రాకపోకల పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఏ బండి ఎప్పుడు పోయింది, ఎవరు వచ్చారు, ఎవరిని అడిగారు, అన్నీ నా చేతిరాతే. ప్రతి పేజీ కింద నా సంతకం, పదకొండు నెలలది. పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి, నేను రాసి తిప్పాక ఎవరూ విప్పలేదు కాబట్టి. ఆమె ఒక్కొక్కటే గోటితో విడదీసి చూస్తూ నిలబడింది. నాకు వాళ్లమీద ఉన్న కోపమంతా పోయి ఉత్త బాధ మిగిలింది అక్కా.

బావకు, పెద్దమ్మకు, వీధిలో అడిగినవాళ్లందరికీ నా నమస్కారాలు చెప్పు. నా మీద కోపం ఉంటే ఉండనీ, అయినా ఉరుకుంద ఈరన్నకు నా పేరున ఒక టెంకాయ కొట్టించి నాలుగు మాటలు దీవించు. సంతకం పెట్టమన్నావు కదా, నీ కోసం కింద పెడుతున్నాను, చూసుకో.

ఇట్లు నీ చెల్లెలు,
బోయ ఈరమ్మ
హెడ్ కానిస్టేబుల్ (రిటైర్డ్), కోసిగి