గేటుకి అడ్డంగా పెట్టిన వ్యాన్

ఏమండీ,

వంట చేసి స్టవ్ పక్కన పెట్టాను. పాప బడి నుంచి రాగానే పాలు ఇవ్వండి. నడుముకి మందు రాసుకోవడం మర్చిపోవద్దు.

నేను మా తమ్ముడితో రైలెక్కుతున్నా. మనకి వేరే వ్యాన్ చూడ్డానికి. అంత దూరం ఎందుకంటారా? ఇక్కడ పాత బండ్లు అమ్మేవాళ్ళంతా మీ అన్నయ్య మనుషులే. ఆయన షెడ్డు మెకానిక్ నిన్న నోరు జారాడు. మనకి ఈ డొక్కు బండి అంటగట్టిన రోజు, మనం వెళ్ళేలోపే ఇంజన్ తిప్పి వేడెక్కించి పెట్టాడట మీ అన్నయ్య, ఆ మహానుభావుడు. అందుకే తాళం తిప్పగానే పలికింది. మర్నాటి నుంచి, చల్లారిన ఇంజన్ పలకక, మీరు వీధిలో తోస్తూనే ఉన్నారు, జనం నవ్వుతూనే ఉన్నారు. ఈ మాట చెప్తే మీరు "పోనీలే, అన్నయ్యేగా" అంటారు. అందుకే చెప్పకుండా వెళ్తున్నా.

ఈసారి ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తా. చల్లగా ఉంటేనే బేరం.

మన వ్యాన్ కోసం వెతక్కండి. పొద్దున మీరు తోసి స్టార్ట్ చేసిన ఇంజన్ వేడి ఆరకముందే తీసుకెళ్ళి మీ అన్నయ్య షెడ్డు గేటుకి అడ్డంగా పెట్టాను. ఆయన బండ్లన్నీ లోపలే ఉన్నాయి. రేపటి మార్కెట్ లోడుకి ఒక్కటీ బయటికి రాదు. తాళం దానికే వదిలేశాను, దొంగతనం అనకుండా. తెల్లారేసరికి ఇంజన్ చక్కగా చల్లారిపోతుంది.

తోయడానికి మిమ్మల్నే పిలుస్తాడు. వెళ్ళకండి. ఆయనకీ ఒక నడుం ఉందిగా.