ఆఖరి పేజీలో మిర్చి ఘాటు

శీనన్నా,

మన కామిక్ పుస్తకం ‘నక్కవాగు వీరన్న’ ఈ సంచికతో ఆగిపోయింది. నువ్వుంటే కొట్లాటకు పోయేవాడివి.

మహబూబాబాద్ స్టేషన్ పక్క పుస్తకాల షాపు ముందు అభిమానులమంతా చేరాం. అందరం పెళ్లాం పిల్లలున్నవాళ్లమే. "గిదే ఆఖరిది తమ్మీ, ఇగ రాదు," అంటూ షాపాయన ప్లాస్టిక్ కవర్లో ఉన్న సంచికలు పంచాడు. ఒకాయన కవర్ చింపనే లేదు. "ఇప్పితె అయిపోతది గద," అన్నాడు.

నువ్వు మిర్చి యార్డులో బస్తాలు మోసి వచ్చి, చేతులైనా కడుక్కోకుండా ముందు ఆఖరి పేజీ చదివేవాడివి. తర్వాత నేను చదువుతూ ఆ పేజీకి రాగానే ఆ ఘాటుకు తుమ్ములు. నా తుమ్ములు వినే నువ్వొచ్చావని అమ్మ అన్నం వడ్డించేది. నువ్వు చనిపోయాక ఏ సంచికా నన్ను తుమ్మించలేదు.

ఇవాళ ఇంటికొచ్చి కవర్ నేనే చింపాను. ఇది మిర్చి సీజన్ కూడా కాదు. ఆఖరి పేజీ తిప్పగానే ఆగకుండా తుమ్ములొచ్చాయి.

వంటింట్లోంచి అమ్మ, "పెద్దోడు వచ్చిండా? కాళ్లు కడుక్కోమను," అంది.

పెరట్లో నీళ్ల చప్పుడైంది.