యశోద పథ్యం

ఇల్లందు, ఏప్రిల్ 2005

అత్తమ్మకు, కోడలు అరుణశ్రీ దండాలు పెట్టి రాస్తున్నది.

బొగ్గుబాయిలో జారిపడి విరగ్గొట్టుకున్న మీ కొడుకు కాలికి కట్టు వేశారు. ఇంకో నెల దవాఖాన మంచమే. అందుకే మన పిల్ల యశోదను మీ దగ్గర దింపాను. బస్సు కదిలే తొందరలో సగమే చెప్పాను. దాని జబ్బు పేరు సిస్టిక్ ఫైబ్రోసిస్. ఒంట్లో జిగురు చిక్కబడి, తిన్నది అరిగించే రసం పేగులోకి దిగే దారి మూసుకుపోతుంది. కడుపులోని పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నుతాయి. అన్నం పెట్టేటప్పుడే ఆ రసానికి బదులుగా ఇచ్చిన గొట్టం గోలీ, అదే క్యాప్సూల్, వేయండి. తిన్న వెంటనే పడుకోనివ్వకండి. మంచం తలవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి. ఏడేళ్ల పిల్ల పద్నాలుగు కిలోలే ఉంది. ఎలాగైనా బరువు పెరగాలి.

మీ అరుణ

తా.క. ఇటుకలు తలవైపు. మీ కొడుకు మొదటిసారి కాళ్లవైపు పెట్టారు.

ములకలపల్లి

చిరంజీవి సౌభాగ్యవతి అరుణకు, నాంచారమ్మ దీవెనలు.

దిగులు పడకు బిడ్డా. గోలీ తప్పడం లేదు. మందు తినే పిల్లకు పథ్యం పెట్టడం నాకు ఒకరు నేర్పాలా? ఉప్పు, నూనె, నెయ్యి అన్నీ బంద్. చప్పిడి బువ్వ, మిరియాల నీళ్లు. పిల్ల ఒక్కతే చప్పిడి తింటే మనసొప్పక ఇంటిల్లిపాదీ అదే తింటున్నాం. "ఏందే, నాకేం రోగమొచ్చింది?" అన్నాడు మీ మామ. "పిల్లకొచ్చింది సాలదా?" అన్నాను. పిల్ల అరకిలో తగ్గింది. ఒంట్లో చెడంతా పోతున్నట్టుంది.

మీ అత్త

తా.క. మీ మామ మంచానికీ ఇటుకలు పెట్టాను. తెల్లారేసరికి జారిపోయి, దాదాపు నిలబడే నిద్రపోతున్నాడు.

ఇల్లందు

అత్తమ్మకు దండాలు.

మీ ఉత్తరం చదివి దవాఖాన వరండాలోనే ఈ జవాబు రాస్తున్నాను. దానికి ఆ పథ్యం వద్దు. నెయ్యి, నూనె, గుడ్లు ఎంత తింటే అంత పెట్టాలి. గోలీ ఇచ్చేదే ఆ నెయ్యి అరగడానికి. దాని ఒంట్లో ఉప్పంతా చెమటలోనే పోతుంది, ముద్దుపెడితే నుదురు ఉప్పగా తగులుతుంది చూడండి. ఈ ఎండల్లో ఉప్పు ఇంకా ఎక్కువే కావాలి. ఈ పూట నుంచే పెట్టండి. వాదించే ఓపిక నాకు లేదు.

అరుణ

తా.క. మామయ్య మంచం కింది ఇటుకలు తీసేయండి.

ములకలపల్లి

చిరంజీవి అరుణకు ఆశీస్సులు.

జబ్బు పిల్లకు నెయ్యి పోయమని ఏ తల్లయినా రాస్తుందా? పక్కింటి కన్నమ్మకు చెప్తే, "నిద్ర లేక మతి చెదిరిందక్కా, ఏం రాస్తుందో ఆమెకే తెల్వది" అంది. నాకూ అలాగే తోచింది. నీ ఆరోగ్యం కోసం కూడా పథ్యం మొదలుపెట్టాం. ఈసారి బెల్లం బంద్. పిల్ల మాత్రం ఆడుకోవడం మానేసి గుంజకు ఆనుకుని కూర్చుంటోంది. నాకు భయంగానే ఉంది.

మీ అత్త

తా.క. పెళ్లిచూపులున్నాయని మీ మామ ఏన్కూరులో చెల్లెలింటికి పోయాడు. ఆ ఇంట్లో పెళ్లి కావలసిన వాళ్లే లేరు.

ఇల్లందు

అత్తమ్మా,

ఎముక సరిగ్గా అతకలేదని మీ కొడుకు కాలికి రేపు ఆపరేషన్. నేను కదల్లేను. నా మతి చెదిరిందనే అనుకోండి, ఒప్పుకుంటాను. పిల్లను ఖమ్మంలో పిల్లల డాక్టరుకు చూపించి, ఆయన చెప్పినట్టు చేయండి. మీ కాళ్లు పట్టుకుంటాను.

అరుణ

ములకలపల్లి

నా బిడ్డ అరుణకు,

ఖమ్మం పోయి వచ్చాం. డాక్టరు, పిల్ల జబ్బు చూసే హైదరాబాద్ డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, అచ్చం నీ మాటే చెప్పాడు. ఆ మధ్యాహ్నమే నెయ్యి పోశాను. పిల్ల కంచం నాకింది. నేను చాటుకు పోయి ఏడ్చాను.

డాక్టరును ఇంకోటి కూడా అడిగాను. "ఈ గోలీలు, ఈ తిండి ఎన్నాళ్లు సారు?" అన్నాను. "ఉన్నన్నాళ్లమ్మా. ఇది తగ్గేది కాదు. వాళ్లమ్మకు మూడేళ్ల కిందనే చెప్పిండ్రంట" అన్నాడు.

మూడేళ్లుగా ఈ మాట కడుపులో పెట్టుకుని వంట చేశావా? నా కొడుక్కి కూడా తెలియదని నాకిప్పుడు అర్థమైంది. వాడు ప్రతి ఉత్తరంలో వచ్చే ఏటికి తగ్గిపోతుందనే రాస్తాడు.

వాడు లేచి కూర్చోగానే ఇక్కడికి రా. గోలీ వేయడం, ఇటుకలు పెట్టడం నాకొచ్చు. వాడికి చెప్పాల్సింది నేను చెప్తాను. నువ్వు పడుకో.

మీ అత్త నాంచారమ్మ

తా.క. మీ మామనూ ఏన్కూరు నుంచి పట్టుకొచ్చి చూపించాను. బీపీ ఉందట, నిజంగానే ఉప్పు, నెయ్యి తగ్గించాలట. ఆయనకు తోడుగా పథ్యం ఉండడానికి ఇంట్లో ఎవరూ ముందుకు రావడం లేదు.